కాథెటర్ కొసన కరిగే ఉక్కు

తల తెరవకుండా మెదడులో ఆపరేషన్ ఎలా చేస్తారని ఒక పాఠకుడు అడిగారు. తొడ మొదట్లో ధమనిలోకి కాథెటర్ అనే సన్నని గొట్టం ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ మెదడు దాకా నడిపిస్తారు. అది చేతి నేర్పు. నాకు ఆసక్తి అక్కడికి చేరాక జరిగేదాని మీద.

ముందు జబ్బు సంగతి. మెదడు ధమనులు రెండుగా చీలే చోట రక్తం వచ్చి గోడను కొడుతూ ఉంటుంది. ఆ గోడలు అసలే పలచన. ఏళ్లు గడిచేసరికి కొందరిలో అక్కడ బుడగలా ఉబ్బుతుంది. దాన్నే ఎన్యూరిజం అంటారు. లాప్లాస్ సూత్రం ప్రకారం, బీపీ ఏమీ మారకపోయినా బుడగ వ్యాసార్థం రెండింతలైతే గోడలో బిగువూ రెండింతలవుతుంది. పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉంటుంది, చాలామందిలో ఎన్నటికీ పగలదు. పగిలిందంటే మాత్రం పిడుగు పడ్డట్టు క్షణంలో భరించలేని తలనొప్పి వస్తుంది. మైగ్రేనేలే అని మాత్ర వేసుకుని పడుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

1937లో అమెరికా న్యూరోసర్జన్ వాల్టర్ డాండీ పుర్రె తెరిచి బుడగ మెడకు వెండి క్లిప్పు పెట్టారు. పుర్రె తెరవకుండా బుడగను లోపలినుంచే పూడ్చాలంటే మెత్తని ప్లాటినం తీగచుట్టను (కాయిల్) అందులోకి తోయాలి. సైజు కుదరకపోతే వెనక్కి లాగాలి, కుదిరితే అక్కడే వదిలేయాలి. చిక్కంతా ఆ వదలడంలోనే. కొంచెం కుదుపు తగిలినా బుడగ చిరగొచ్చు.

ఇటలీ న్యూరోసర్జన్ గ్విడో గుగ్లియెల్మి విద్యుత్తుతో రక్తాన్ని గడ్డకట్టించే ప్రయోగాలు చేస్తూ దీనికో దారి కనిపెట్టారు. ప్లాటినం చుట్టను స్టెయిన్‌లెస్ స్టీల్ తీగకు అతికించి, అతుకు దగ్గర స్టీలును కాస్త మేర పూత లేకుండా వదిలేశారు. తీగలోకి ఒక మిల్లీ ఆంపియర్ పాటి ధన విద్యుత్తు పంపితే, ఉప్పుతో కూడిన రక్తమే ఎలక్ట్రోలైట్, అంటే విద్యుత్తును మోసే ద్రవం అవుతుంది. స్టీలు ఆనోడ్, అంటే ధన ధ్రువం. అందులోని ఇనుము అయాన్లుగా మారి రక్తంలోకి పోతుంది. ప్లాటినం చెక్కుచెదరదు. కొద్దిసేపట్లో స్టీలు తెగిపోతుంది, చుట్ట బుడగలో ఉండిపోతుంది, ఎవరూ దేన్నీ లాగక్కర్లేదు. పరీక్ష రాసి మరిచిపోయే ఎలక్ట్రోలిసిస్ పాఠాన్ని ఈ ఉదాహరణతో మొదలుపెడితే పిల్లలు నిద్రపోతారా?

1990లో లాస్ ఏంజిలిస్‌లో మొదటి రోగికి ఇలా చేశారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఎన్ని చుట్టలు కుక్కినా లోహం నింపేది బుడగలో పావు వంతో, ఇంకాస్తో. మిగతా చోటును గడ్డకట్టిన రక్తమే పూడుస్తుంది. క్లిప్పునూ కాయిల్‌నూ పోలుస్తూ 2143 మంది మీద జరిగిన ఐశాట్ పరిశోధన 2002లో వెలువడింది. ఏడాది తర్వాత చనిపోయినవారూ, ఇతరుల మీద ఆధారపడినవారూ కలిపి క్లిప్పు పెట్టినవాళ్లలో 30.6 శాతం, కాయిల్ పెట్టినవాళ్లలో 23.7 శాతం. అయితే రక్తం తాకిడికి చుట్ట అణిగి, బుడగ మళ్లీ తెరుచుకోవచ్చు. కాయిల్ పెట్టించుకున్నవాళ్లను స్కానింగ్‌కి మళ్లీ మళ్లీ రమ్మనేది అందుకే.