777 ఇచ్చినా ఫైలు తెరుచుకోదేం? ఎస్‌ఈలైనక్స్ అపోహలు - వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల కొనుగోలుదారులకూ మేత డీలర్లకూ లైనక్స్ సర్వర్లు చూసిపెడుతుంటాను. ఫోనెత్తితే తరచూ వినపడేది ఇదే: “777 కూడా ఇచ్చేశామండీ, అయినా తీయట్లేదండీ!” 777 అంటే ఆ ఫైలును అందరూ చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అని ఇచ్చే పర్మిషన్.

అపోహ: సీహెచ్‌మాడ్ (పర్మిషన్లు మార్చే ఆదేశం) 777 ఇస్తే ఏ ఫైలైనా తెరుచుకుంటుంది.
వాస్తవం: కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) ముందు మామూలు పర్మిషన్లు చూస్తుంది. అవి సరేనన్నాకే ఎస్‌ఈలైనక్స్ వంతు. ప్రతి ఫైలు మీదా ఉండే లేబుల్ (రకం గుర్తు) చూసి, ఏ ప్రోగ్రామ్ దాన్ని ముట్టుకోవచ్చో పాలసీ అనే రూల్స్ ప్రకారం తేల్చే భద్రతా పొర ఇది. కాలవ మీద ఎగువ లాకు తలుపులు పీకేసినా దిగువ లాకు మూసి ఉంటే పడవ కదలదు కదా. పైగా 777తో ఆ ఫైలును ఎవరైనా మార్చేయొచ్చు.

అపోహ: సరైన ఫోల్డర్లో పెడితే చాలు.
వాస్తవం: మా వైపు ఎక్కువగా తగిలే కేసిది. గుమాస్తా కౌంట్ ధరల పీడీఎఫ్‌ను తన హోమ్ ఫోల్డర్లో తయారుచేసి, ‘ఎంవీ’ ఆదేశంతో వెబ్ ఫోల్డర్లోకి జరుపుతాడు. ఓనరు సరే, పర్మిషన్లు సరే, బ్రౌజర్లో మాత్రం 403, అంటే ‘అనుమతి లేదు’. లేబుళ్లు చూపే ‘ఎల్ఎస్ -జెడ్’ (జెడ్ పెద్దక్షరం) కొడితే ఫైలు మీద ఇంకా ‘యూజర్_హోమ్_టీ’ లేబులే. వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ అపాచీకి కావలసింది ‘హెచ్‌టీటీపీడీ_సిస్_కంటెంట్_టీ’. ‘ఎంవీ’ పాత లేబుల్‌ను వెంటబెట్టుకొస్తుంది; ‘సీపీ’తో కొత్తగా కాపీ చేస్తే మామూలుగా చేరిన ఫోల్డర్ లేబులే పడుతుంది. పాలసీ ప్రకారం ఉండాల్సిన లేబుల్ వేసే ‘రీస్టోర్‌కాన్’ ఒక్కసారి నడిపితే సరిపోతుంది.

అపోహ: సీహెచ్‌కాన్‌ ఆదేశంతో లేబుల్ మార్చాం, ఇక ఢోకా లేదు.
వాస్తవం: ఎవరైనా రీలేబుల్ చేసిన (పాలసీ ప్రకారం లేబుళ్లు మళ్లీ వేసిన) రోజున అది ఎగిరిపోతుంది. వెబ్ ఫైళ్లు వేరే డిస్కులో ఉంటే ‘సీమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్’తో ఆ దారిని పాలసీలో రాయించి, తర్వాత రీస్టోర్‌కాన్ నడపండి.

అపోహ: ఆడిట్ లాగ్‌లో ఏవీసీ (ఎస్‌ఈలైనక్స్ అడ్డుకున్నట్టు రాసే నమోదు) లేదంటే ఎస్‌ఈలైనక్స్ తప్పు కాదు.
వాస్తవం: చాలాసార్లు నిజమే; మామూలు పర్మిషన్ దగ్గరే ఆగితే ఏవీసీ పడదు. కానీ ‘డోంట్‌ఆడిట్’ రూల్స్ కొన్ని తిరస్కరణలను దాచేస్తాయి. ‘సీమాడ్యూల్ -డీబీ’తో వాటిని తాత్కాలికంగా తీసేసి మళ్లీ ప్రయత్నించండి. చూశాక ‘సీమాడ్యూల్ -బీ’తో వాటిని తిరిగి పెట్టడం మర్చిపోకండి, లేకుంటే లాగ్ నిండిపోతుంది.

అపోహ: ఆడిట్‌టుఅలౌ (లాగ్‌లోని తిరస్కరణ చూసి దాన్ని అనుమతించే రూల్ తయారుచేసే పనిముట్టు) ఇచ్చిన రూల్ ఎక్కిస్తే పనైపోతుంది.
వాస్తవం: అవుతుంది, అదే గొడవ. పై పీడీఎఫ్ కోసం అలా చేస్తే, ఆ లేబులున్న ఫైళ్లన్నింటికీ ఎస్‌ఈలైనక్స్ వైపు నుంచి అపాచీకి దారి ఇచ్చినట్టే. లేబుల్ తప్పినచోట రూల్ రాయడం నాకు అస్సలు నచ్చదు.

అపోహ: అనుమానమొస్తే ఎస్‌ఈలైనక్స్‌ను డిజేబుల్ చేసి చూడాలి.
వాస్తవం: ‘సెట్‌ఎన్‌ఫోర్స్ 0’ చాలు. అడ్డుకోదు, లాగ్‌లో మాత్రం రాస్తుంది. అప్పటికీ 403 వస్తుంటే మామూలు పర్మిషన్లూ అపాచీ కాన్ఫిగరేషనూ చూడండి. పూర్తిగా డిజేబుల్ చేస్తే ఆ వ్యవధిలో పుట్టిన ఫైళ్లకు లేబుళ్లే ఉండవు. మళ్లీ ఆన్ చేసేటప్పుడు డిస్కంతా రీలేబుల్ చేసుకోవాల్సిందే.