ఒంటికి వస్తే ఆపుకోకండి

చిన్నారులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఆసుపత్రిలో నర్సుగా ఉన్న రోజుల్లో, ఎండలు ముదిరాయంటే చాలు, ఒక మాట పదే పదే వినేదాన్ని: "పిల్లకి వేడి చేసిందమ్మా, ఒంటికి వెళ్తే మంటంటోంది." ధనియాల నీళ్లు, బార్లీ నీళ్లు అన్నీ పట్టించి, జ్వరం వచ్చాక గానీ తీసుకొచ్చేవాళ్లు కాదు. అందుకే ఈ సంగతి మీకే నేరుగా రాస్తున్నాను.

నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి కాస్త మండే మాట నిజమే. బాగా నీళ్లు తాగితే అది సర్దుకుంటుంది. అలా సర్దుకోకుండా, ఇప్పుడే వెళ్లొచ్చినా మళ్లీ వెళ్లాలనిపిస్తూ, వెళ్తే నాలుగు చుక్కలే వస్తూ, పొత్తికడుపు నొప్పెడుతుంటే వేడి అని ఊరుకోకూడదు. మూత్రాశయంలో సూక్ష్మజీవులు చేరి ఉండొచ్చు. డాక్టర్లు యూటీఐ అనేది దీన్నే. ఎప్పుడో పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడిపితే కూడా దీన్ని అనుమానించాలి. వాళ్లను తిట్టకూడదు.

ఎక్కువసార్లు దీనికి కారణం ఇ.కోలై అనే బ్యాక్టీరియా. 1885లో థియోడర్ ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు దీని గురించి మొదట రాశాడు. ఇది మన పేగుల్లోనే ఉంటుంది, అక్కడున్నంతకాలం మామూలుగా గొడవేమీ లేదు. మూత్రం వచ్చే దారిలోకి పాకితేనే చిక్కు. సన్నటి నూగులాంటి పోగులతో మూత్రాశయం గోడను పట్టుకుంటుంది. అనువైన చోటు దొరికితే 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. పెద్దవాళ్లలో మూత్రం బయటికొచ్చే గొట్టం ఆడవాళ్లకు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లకు 20 దాకా ఉంటుంది. ఆడవాళ్లకు ఈ జబ్బు ఎక్కువ రావడానికి అదో పెద్ద కారణం. అమ్మాయిలూ, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మగపిల్లలకూ వస్తుంది, నెలల పసివాళ్లకు కూడా.

నాకు బాధ కలిగించేది బడి సంగతి. బాత్రూం బాగోదని పొద్దున ఇంట్లో వెళ్లినవాళ్లు మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆపుకుంటారు. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేస్తారు. పారే కాలువలో నాచు అంత తేలిగ్గా పట్టదు, నిలిచిన నీళ్లలో పడుతుంది. మూత్రమూ అంతే. మాటిమాటికీ ఈ జబ్బు వచ్చే ఆడవాళ్ల మీద చేసిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగినవాళ్లకు అది సగానికి సగం తగ్గింది. 2019లో కేరళ బడుల్లో నీళ్లు తాగమని గంట కొట్టడం మొదలుపెట్టారు. చాలా మంచి పని. కానీ తాగిన నీళ్లు బయటికి పోవాలి కదా! బాత్రూం తలుపుకు గడియ, లోపల నీళ్లు, మగ్గు ఉండాలి. లేకపోతే టీచరుకు చెప్పండి. ఒక్కరికే బెరుకైతే నలుగురు కలిసి వెళ్లండి, అమ్మానాన్నల చేత అడిగించండి. టీచర్లూ, క్లాసు మధ్యలో ఒంటికి వెళ్తానన్న పిల్లను దయచేసి ఆపకండి.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సింది కొంచెమే. దొడ్డికి వెళ్లాక ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. మలబద్ధకం ఉంటే పేగు నిండి మూత్రాశయాన్ని నొక్కుతుంది, మూత్రం పూర్తిగా రాదు. అందుకని కూరలు, పండ్లు వదలకండి.

జబ్బు వస్తే డాక్టరు మూత్రం పరీక్ష రాస్తారు. మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది సీసాలో పట్టాలి. కల్చర్ పరీక్ష రాస్తే ఏ సూక్ష్మజీవో, దానికి ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. బార్లీ నీళ్లు తాగండి, మంచిదే, కానీ అవి బ్యాక్టీరియాను చంపవు. దానికి యాంటీబయోటిక్ కావాలి. ఆ మాత్రల అట్ట మీద ఎర్ర గీత కనబడితే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని అర్థం. 2016లో మన ప్రభుత్వం దీని గురించి ప్రచారం మొదలుపెట్టింది. పక్కింటి అక్కకు మిగిలిన మాత్రలు మింగొద్దు. మంట తగ్గిందని మధ్యలో మానేయొద్దు, డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడండి.

చలితో జ్వరం, నడుముకు పైన వీపులో ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే జబ్బు కిడ్నీల దాకా పాకిందేమోనని చూడాలి. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రయినా సరే అమ్మను లేపి, ఆసుపత్రికి తీసుకెళ్లమని అడగండి.

మీ
అమ్మమ్మ