పేరు పక్కన టిక్కు

పిల్లలూ,

నులిపురుగుల మాత్రలు ఇచ్చిన రోజు మా మనవరాలు బడి నుంచి వస్తూనే అడిగింది. "తాతా, పొద్దున్నే హాజరు తీసుకున్నరు గదా. మాత్ర మింగినంక సారు మళ్లీ నా పేరు పక్కన టిక్కు ఎందుకు పెట్టిండు?" మాత్ర సంగతైతే డాక్టరమ్మ చెప్తుంది. టిక్కు సంగతి నేను చెప్పగలను, ఎందుకంటే మా పెద్దనాయన నీరటి.

నీరటి అంటే చెరువు తూము తెరిచి ఊరి పొలాలకు నీళ్లు పంచే మనిషి. యాసంగిలో నీళ్లు తక్కువ, మడులు ఎక్కువ. తూము కాడ నీళ్ల జోరు చూస్తే ఊరంతా తడిసినట్టే అనిపిస్తుంది. పెద్దనాయన అది నమ్మేవాడు కాదు. భుజాన పార వేసుకుని కాలువ వెంట ఆఖరు మడి దాకా నడిచి, అక్కడ మడమతో గట్టిగా తొక్కేవాడు. ఆ గుంటలో నీళ్లు ఊరితేనే మడి పారినట్టు లెక్క. ఇంటికొచ్చి గోడ మీద ఆ మడి పేరు పక్కన బొగ్గుతో గీత గీసేవాడు.

ఆయన వెనకాలే నేను, వట్టి కాళ్లతో. మా రోజుల్లో పిల్లలకు చెప్పులెక్కడివి! మలం కలిసిన తడిమట్టిలో కొంకిపురుగు పిల్లలు ఉంటాయని, అరికాలి చర్మంలోంచే ఒంట్లోకి దూరుతాయని మాకెవరూ చెప్పలేదు. కడుపునొప్పి అంటే చాలు, నాయనమ్మ వేపచిగురు నూరి ఉండ చేసి నోట్లో కుక్కేది. తలుచుకుంటే ఇప్పటికీ మొహం వంకర పోతుంది. మీకు అదృష్టం ఉంది, నమిలే మాత్ర వచ్చింది.

మన దేశంలో ఈ మాత్రల దినం 2015లో మొదలైంది. మామూలుగా ఫిబ్రవరి 10, ఆగస్టు 10. ఒక్కోసారి తేదీ అటూ ఇటూ అవుతుంది. ఏడాది నుంచి పందొమ్మిదేళ్ల దాకా అందరికీ ఆల్బెండజోల్ ఇస్తారు. రెండేళ్లు నిండని వాళ్లకు సగం, మిగతా వాళ్లకు 400 మిల్లీగ్రాముల మాత్ర పూర్తిగా. ఒంట్లో బాగాలేని పిల్లలకు ఆ రోజు ఇవ్వరు. మింగిన వాళ్ల పేరు పక్కన రిజిస్టర్లో ఒక టిక్కు పెడతారు. ఆ రోజు రాని వాళ్ల కోసం కొద్ది రోజులకే మరో రోజు ఉంటుంది, అప్పుడు మింగితే రెండు టిక్కులు. ఏ టిక్కూ లేని పేరు ఉందంటే, అదే నీళ్లందని మడి.

మాత్రల డబ్బా ఖాళీ అయిందంటే తూము పారిందని మాత్రమే అర్థం. మాత్ర కడుపులో పడిందా లేదా అన్నది వేరే సంగతి. అందుకే సారు ముందరే నమలమంటారు, ఇంటికి పట్టుకుపోనివ్వరు. బుగ్గన పెట్టుకుని బయట ఊసేసే గడుగ్గాయిలు ఉంటారని నాకు తెలుసు. అలా ఊసేస్తే సారు పెట్టిన టిక్కు అబద్ధమవుతుంది నాయనా.

ఏలికపాము అని కడుపులో ఉండే ఒక పురుగు, ఒక్క ఆడది రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుందట! అవి కడుపులో పిల్లలు కావు. మలంతో మట్టిలో చేరి, కొన్ని వారాలు ముదిరి, కడగని చేతుల వెంట ఇంకొకరి నోట్లోకి పోతాయి. మడి ఎండితే ఆ ఒక్క రైతుకే నష్టం. ఒక పిల్లవాడు మిగిలిపోతే వాడకట్టు అందరూ తిరిగే మట్టి చెడుతుంది. ఇక్కడ నా పోలిక కాస్త కుంటుతోంది గానీ వదలబుద్ధి కావడం లేదు.

ఎందుకంటే మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి కదా. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు పోతుంది. మీ టిక్కులూ అంతే, కాకపోతే ఇవి కింది నుంచి పైకి పోతాయి. సార్లు కూడిన లెక్క ఏఎన్ఎం అమ్మకు, అక్కడి నుంచి మండలానికి, జిల్లాకు, హైదరాబాదుకు, ఢిల్లీకి, చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాకా. పేర్లు మాత్రం బడిలోనే ఉండిపోతాయి. పైకి పోయేవి అంకెలే. ఈ లెక్కకు తోడు, అక్కడక్కడ పిల్లల మలం తీసి భూతద్దాల యంత్రం కింద గుడ్లు కూడా లెక్కబెడతారు. నూటికి ఇరవై మందిలో పురుగులు ఉంటే ఏడాదికోసారి, యాభై మంది దాటితే రెండుసార్లు మాత్ర ఇవ్వాలని ఆ సంస్థ మాట. అంటే ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ పెంచాలో అంకెలు చూసే తేల్చాలి.

పెద్దనాయన గోడ మీద పేరు లేని మడికి గీత కూడా ఉండదు, అది ఎండినా ఎవరికీ తెలియదు. ఫిబ్రవరి అంటే మన దగ్గర మిరపకాయ ఏరే కాలం. అమ్మానాన్నల వెంట చేన్లకు పోయిన వాళ్లు, ఇటుక బట్టీల దగ్గర ఉండేవాళ్లు, వాళ్ల పేర్లు ఏ బడి రిజిస్టర్లోనూ లేకపోవచ్చు. అంగన్‌వాడీలో వాళ్లకూ మాత్ర ఇస్తారు, కానీ వాళ్లు ఉన్నారని ముందు ఎవరో ఒకరు చెప్పాలి.

ఈసారి మాత్రల రోజుకు ముందే మీ వాడకట్టు ఒక చుట్టు తిరిగి రండి. బడికి రాని పిల్లలు ఎవరెవరో ఆశా అక్కకు చెప్పండి. చిన్నపిల్లలుంటే వయసు కూడా అడిగి రాసుకోండి, సగం మాత్రనా, పూర్తి మాత్రనా అని అక్క అడుగుతుంది.

మీ తాత