చిట్టెలుక గోక్కుంటే అది జన్యువు తప్పేనా? అపోహలు - వాస్తవాలు

గరివిడి వెటర్నరీ పిల్లల నుంచి ఎచ్చెర్లలో సైన్సు చదివేవాళ్ల దాకా ఎవరైనా మొదట పొరబడేది ఇక్కడే.

అపోహ: ల్యాబులో చిట్టెలుక పుండు పడేలా గోక్కుంటోందంటే మ్యుటేషనే, అంటే జన్యువులో మార్పే.

వాస్తవం: ముందు పురుగు ఉందేమో చూడండి. మెడ వెనక బొచ్చు మీద సెల్లోటేపు అద్ది, స్లైడుకు అంటించి మైక్రోస్కోపు కింద పెడితే మయోబియా లాంటి మైట్లు దొరికిపోతాయి. అవి ఉన్నంతకాలం ఏ లెక్కా చెల్లదు. ల్యాబుల్లో ఎక్కువగా వాడే సి57 బ్లాక్6 జాతికైతే మనం ఏ జన్యువూ ముట్టకుండానే పుళ్లు లేస్తాయి. వెనక కాళ్ల గోళ్లు కత్తిరిస్తే చాలావాటికి మానతాయి. పోలికకు అదే ఈతలో పుట్టిన, జన్యువు మారని తోబుట్టువులను పెట్టుకోవాలి. బయటి ఎలుకలు పనికిరావు.

అపోహ: దురద జన్యువు ఒకటుంది, అది చర్మంలో ఉంటుంది.

వాస్తవం: ‘ఇచ్’ అనే జన్యువును 1998లో గుర్తించిన మాట నిజమే. పేరుకే దురద, పని రోగనిరోధక కణాల్లో. అది చెడితే చర్మంతో పాటు ఊపిరితిత్తులూ వాస్తాయి. బీహెచ్ఎల్‌హెచ్‌బీ5 అనే జన్యువు లేని ఎలుకల కథ వేరు (2010): చర్మం మొదట బాగానే ఉంటుంది, వెన్నుపాములో దురదకు బ్రేకు వేసే నరకణాలు ఉండవు. పుండు గోకుడు వల్ల వచ్చిందే. సాపాప్3 (Sapap3) జన్యువు లేనివి (2007) ముందుకాళ్లతో మొహం అదేపనిగా తోముకుని గాయం చేసుకుంటాయి. మాకు తెలిసి దాన్ని దురద ఖాతాలో రాయడమే పెద్ద తప్పు; ఆ లోపం మెదడులోది.

దురదా నొప్పా అని తేల్చేది బుగ్గ పరీక్ష. ముందే బుగ్గ గొరిగి, పెట్టెకు అలవాటు చేసి, చర్మంలోకి పరీక్షించే మందు 10 మైక్రోలీటర్లు ఎక్కించి 30 నిమిషాలు వీడియో తీయండి. వెనక కాలితో గోకితే దురద, ముందుకాలితో తుడుచుకుంటే నొప్పి. సూది మెడ మీద వేస్తే రెండింటికీ వెనక కాలే లేస్తుంది, ఇక ఏది దురదో ఏది నొప్పో చెప్పలేం. కాలు ఎత్తింది మొదలు కింద పెట్టేదాకా, లేదా నాకేదాకా, ఎన్నిసార్లు గోకినా లెక్క ఒకటే. లెక్కపెట్టేవాళ్లకు ఏ ఎలుక ఏ రకమో తెలియకూడదు.

అపోహ: దురదంటే హిస్టమినే (ఒంట్లో దురద పుట్టించే రసాయనం), దాన్ని ఆపే సెట్రిజిన్ మాత్ర వేస్తే సరి.

వాస్తవం: మన ఏజెన్సీలో చలిజ్వరానికిచ్చే క్లోరోక్విన్‌తో కొందరికి పుట్టే జిల సెట్రిజిన్‌కు సరిగా లొంగదు. దాని దారి వేరు. దురద నరాల్లో పనిచేసే ఎంఆర్‌జీపీఆర్ జన్యువుల గుంపు తీసేసిన ఎలుకలు (2009) క్లోరోక్విన్‌కు గోక్కోవడం బాగా తగ్గింది, హిస్టమిన్‌కు మామూలుగానే గోక్కున్నాయి.

అపోహ: ఇంటిల్లిపాదీ గోక్కుంటే వంశంలో ఉన్నట్టే.

వాస్తవం: రాత్రిళ్లు వేళ్ల సందుల్లో అయితే గజ్జి. పలాసలో జీడిగింజలు ఒలిచే చేతులకైతే పెంకు నూనె.