సాఫ్ట్‌వేర్ సింథ్‌ల అసలు తేడా ఎక్కడ వినిపిస్తుంది?

ల్యాప్‌టాప్‌లో పాటలు చేసేవాళ్లు నలుగురు కలిస్తే ఈ వాదన తప్పకుండా వస్తుంది: ఏ సింథ్ (లెక్కలతో శబ్దాన్ని పుట్టించే ప్రోగ్రామ్) సౌండు బాగుంటుంది? ఒకరు సీరమ్ అంటారు, ఇంకొకరు డీవా అంటారు. చేతిలో డబ్బుల్లేని కుర్రాడు ఉచితంగా దొరికే వైటల్‌తో పని కానిస్తూ, తన సౌండు తక్కువ రకమేమోనని లోలోపల టెన్షన్ పడుతుంటాడు. ఆ టెన్షన్ చాలావరకు అనవసరం. సింథ్‌ల మధ్య తేడాలు నిజంగానే ఉన్నాయి, కొన్ని పెద్దవే. కాకపోతే యూట్యూబ్ డెమోల్లో విని మనం మురిసిపోయేవి అవి కావు. మామూలు స్వరాలు మామూలుగా వాయిస్తే మంచి సింథ్‌లన్నీ ఇంచుమించు ఒకేలా మోగుతాయి. బాగా పై స్థాయి స్వరాలు వాయించి, ఫిల్టర్‌ని, అంటే శబ్దంలో కొంత భాగాన్ని తగ్గించే అంగాన్ని, చివరిదాకా తిప్పి ఇబ్బంది పెడితేనే ఒక్కోదాని లోపలి లెక్క బయటపడుతుంది.

సింథ్‌లో శబ్దం పుట్టే చోటు ఆసిలేటర్. అందులో ఎక్కువగా వాడేది సాటూత్, అంటే రంపపు పళ్ల ఆకారంలో ఉండే తరంగం. వాయించిన స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఫ్రీక్వెన్సీ ఉన్న హార్మోనిక్స్ అన్నీ ఇందులో ఉంటాయి. రెండోదానికి సగం బలం, మూడోదానికి మూడో వంతు, పదోదానికి పదో వంతు. ఈ వరసకి అంతు లేదు, కంప్యూటరుకి మాత్రం ఉంది. సెకనుకు 44,100 శాంపిల్స్ (కొలతలు) చొప్పున శబ్దాన్ని రాసేటప్పుడు 22,050 హెర్ట్జ్‌కి పైనున్న దేన్నీ ఉన్నదున్నట్టు రాయలేం. రాయబోతే అది మాయమైపోదు, మడత పడి కిందికొచ్చి వేరే స్వరంగా వినిపిస్తుంది. దీన్నే ఏలియాసింగ్ అంటారు. సినిమాలో వేగంగా పోయే బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడానికి కారణం కూడా ఇదే.

ఈ మడత ఎలా పడుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. పియానో చివరి స్థాయిలో పడే 3,000 హెర్ట్జ్ స్వరం తీసుకోండి. ఏ జాగ్రత్తా లేకుండా రాసిన సాటూత్‌లో 7వ హార్మోనిక్, అంటే 21,000 దాకా అంతా సవ్యంగానే ఉంటుంది. 8వది 24,000 దగ్గర పడాలి, కానీ అది హద్దు దాటేసింది కాబట్టి 44,100లోంచి తీసేయగా మిగిలే 20,100 దగ్గర మోగుతుంది. 14వది 42,000 బదులు 2,100 దగ్గర తేలుతుంది. 15వది మరీ దారుణం: 900 హెర్ట్జ్ దగ్గర, అంటే మనం వాయించిన స్వరం కంటే కింద మోగుతుంది. వీటిలో ఏదీ 3,000తో శ్రుతి కలవదు. ఇప్పుడు స్వరాన్ని 3,100కి జరపండి. 14వ హార్మోనిక్ 43,400 అవుతుంది, మడత పడి 700కి దిగుతుంది. స్వరం కొంచెం పైకి పోతే దాని నీడ 2,100 నుంచి 700కి జారిపోయిందన్నమాట.

మన సంగీతం చేసేవాళ్లు ఈ విషయం ప్రత్యేకంగా పట్టించుకోవాలి. పై స్థాయిలో ఒక లీడ్ (ముందుండి రాగం వాయించే సౌండు) పెట్టి, పిచ్ బెండ్‌తో గమకం పలికిస్తున్నామనుకోండి. స్వరం పైకి ఊగినప్పుడల్లా ఈ పరాయి స్వరాల్లో కొన్ని కిందికి, కొన్ని పైకి పరుగులు తీస్తాయి. ఒకే చోట నిలబడిన స్వరంలో గరగర అనిపించి ఊరుకునేది, గమకంలో స్పష్టంగా చెవికి తగులుతుంది. అదే 110 హెర్ట్జ్ బేస్ స్వరమైతే 200వ హార్మోనిక్ దాకా హద్దులోనే ఉంటుంది. 201వది మడత పడినా దాని బలం 201లో ఒక వంతు, పైగా అది పడేది 21,990 దగ్గర. మన చెవికి అది అందదు. ఒకే సింథ్‌ని ఒకరు అద్భుతం అనడానికి, ఇంకొకరు చెత్త అనడానికి చాలాసార్లు కారణం ఇంతే: ఒకరు బేస్ వాయించారు, ఇంకొకరు లీడ్ వాయించారు.

దీనికి మందులు ఎప్పుడో కనిపెట్టారు. 1996లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన టిమ్ స్టిల్సన్, జూలియస్ స్మిత్ హద్దు దాటని హార్మోనిక్స్‌తోనే తరంగాన్ని కట్టే పద్ధతి చూపించారు. 2001లో ఎలీ బ్రాంట్ రంపపు పన్ను తెగే చోట మాత్రం చిన్న సవరణ అతికించే పద్ధతి తెచ్చాడు. కొన్ని సింథ్‌లు ఒక్కో స్థాయికి ఒక్కో వేవ్‌టేబుల్ (తరంగం ఆకారాన్ని రాసిపెట్టిన పట్టిక) ముందే తయారుచేసి పెట్టుకుంటాయి. ఇంకొన్ని లోపల రెండింతలు, నాలుగింతలు వేగంతో లెక్క వేసి, అక్కర్లేనిది కోసేసి బయటికి పంపుతాయి. ఇవాళ పేరున్న సింథ్‌లన్నిటిలో వీటిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఫిల్టర్ సంగతి ఇంత సులువుగా తేలదు. నా దృష్టిలో సింథ్‌ల మధ్య నిజమైన పోటీ ఇక్కడే ఉంది. రాబర్ట్ మూగ్ 1960లలో రూపొందించిన లాడర్ ఫిల్టర్‌లో నాలుగు అంచెలుంటాయి. ఒక్కో అంచె కటాఫ్‌కి, అంటే కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీకి, పైనున్న శబ్దాన్ని ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ) 6 డెసిబెల్స్ చొప్పున తగ్గిస్తుంది, నాలుగూ కలిస్తే 24. చివరి అంచె నుంచి వచ్చినదాన్ని మళ్లీ మొదటి అంచెకి తిప్పి పంపితే కటాఫ్ దగ్గర శబ్దం ఉబుకుతుంది. అదే రెజొనెన్స్. సర్క్యూట్‌లో ఈ తిరుగు ప్రయాణానికి టైమ్ పట్టదనే అనుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో చిక్కు వచ్చిపడుతుంది. ఇప్పటి ఇన్‌పుట్ తెలియాలంటే ఇప్పటి అవుట్‌పుట్ తెలియాలి, ఆ అవుట్‌పుట్ ఇంకా లెక్కే కట్టలేదు. సులువైన దారి, పాత శాంపిల్‌ని వాడేయడం. అలా చేస్తే 44,100లో ఒక వంతు సెకను, అంటే సుమారు 23 మైక్రోసెకన్లు ఆలస్యం.

అంత చిన్న ఆలస్యం ఎవరికి వినిపిస్తుంది అనిపిస్తుంది. కటాఫ్ 200 హెర్ట్జ్ దగ్గరుంటే ఒక ఆవృత్తికి 5,000 మైక్రోసెకన్లు పడుతుంది, 23 లెక్కలోకి రాదు. కటాఫ్‌ని 10,000కి తీసుకెళ్లండి. అక్కడ ఆవృత్తి మొత్తం 100 మైక్రోసెకన్లే, ఆలస్యం దాదాపు పావు వంతు. సరిదిద్దకుండా వదిలేస్తే రెజొనెన్స్ ఉండాల్సిన చోట ఉండదు, శ్రుతి తప్పుతుంది, నాబ్ తిప్పుతున్నప్పుడు నునుపు పోతుంది. ఆలస్యం లేకుండా చేయాలంటే ప్రతి శాంపిల్‌కీ సమీకరణాలు సాధించాలి. ట్రాన్సిస్టర్లు శబ్దాన్ని కొద్దిగా వంచే గుణాన్ని కూడా కలిపితే ఒక్కసారిలో జవాబు రాదు, అంచనా వేసి మళ్లీ మళ్లీ సరిచేసుకోవాలి. 2011లో వచ్చిన డీవా ఈ దారి పట్టింది. దాని అత్యంత కచ్చితమైన డివైన్ మోడ్‌లో నాలుగు స్వరాలు నొక్కితే పాత ల్యాప్‌టాప్‌లు ఆయాసపడటానికి కారణం అదే.

ఇది చెవితో తేల్చుకోవచ్చు. ఆసిలేటర్లన్నీ ఆపేసి, రెజొనెన్స్ చివరిదాకా పెంచండి. చాలా సింథ్‌లలో ఫిల్టర్ తనంతట తానే ఈల వేస్తుంది. వేయకపోతే కొంచెం నాయిస్ ఇవ్వండి. కీ ట్రాకింగ్ (నొక్కిన స్వరాన్ని బట్టి కటాఫ్ కదలడం) 100 శాతం పెట్టి కింది నుంచి పైదాకా సరళి వరసలు వాయించండి. మంచి ఫిల్టర్ పై షడ్జం దాటాక కూడా శ్రుతిలో ఉంటుంది.

సర్క్యూట్ లెక్కలతో పాటు డిజైనర్ల అభిరుచి కూడా సౌండులో కలుస్తుంది, దీన్ని మనం తక్కువ అంచనా వేస్తాం. రోలాండ్ జేపీ-8000 అనే సింథ్‌లోని సూపర్‌సా శబ్దం ట్రాన్స్ అనే డాన్స్ సంగీతాన్ని ఏలింది. అందులో ఏడు సాటూత్‌లు ఒకదానికొకటి కొద్దిగా శ్రుతి తప్పి మోగుతాయి. ఆడమ్ సాబో 2010లో తన థీసిస్ కోసం దాన్ని కొలిచి చూస్తే, ఆ ఏడింటి మధ్య ఎడం సమానంగా లేదు. డీట్యూన్ నాబ్ కూడా సమంగా పెరగదు, చాలా దూరం నిదానంగా వెళ్లి చివర్లో ఒక్కసారిగా ఎగబాకుతుంది. వేరే సింథ్‌లో ఏడు సాటూత్‌లు పెట్టి నాబ్ సగానికి తిప్పి "ఆ సౌండు రావట్లేదు" అంటే, తప్పు ఆసిలేటర్‌ది కాకపోవచ్చు, నాబ్ కొలత వేరు.

పోల్చేటప్పుడు అందుకే ప్రీసెట్లు (ముందే తయారుచేసి ఇచ్చిన సౌండ్లు) వద్దు. ప్రీసెట్‌లో రివర్బ్, కోరస్, డిస్టార్షన్ అన్నీ కలిసి ఉంటాయి, మనం పోల్చేది వాటినే అవుతుంది. రెండు సింథ్‌లలోనూ ఖాళీ ప్యాచ్ తెరిచి, ఒక్క సాటూత్, ఒక్క ఫిల్టర్, ఎఫెక్టులు లేకుండా మొదలుపెట్టండి. వాల్యూమ్‌లు మీటర్ చూసి సమం చేయండి. తక్కువ వాల్యూమ్‌లో చెవికి బేస్ సరిగా అందదని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. ఒకటి కొంచెం గట్టిగా మోగినా చాలు, దాని బేస్ నిండుగా అనిపించి, సౌండు బాగుందనుకుంటాం. తర్వాత ఎవరైనా ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా 16 సార్లు వినిపించమనండి. 12 లేదా అంతకంటే ఎక్కువ సార్లు సరిగ్గా చెబితే మీ చెవికి తేడా నిజంగానే తెలుస్తోందనుకోవచ్చు. ఊరికే ఊహించి చెప్పేవాళ్లకి అన్ని కుదిరే అవకాశం 4 శాతం లోపే.

ఒక సింథ్ రికార్డింగ్ తరంగాన్ని తలకిందులు చేసి ఇంకోదానితో కలిపి, మిగిలిన శబ్దమే తేడా అని చూపించే పరీక్షని మాత్రం ఇక్కడ నమ్మకండి. చాలా సింథ్‌లలో కీ నొక్కిన ప్రతిసారీ ఆసిలేటర్లు వేరే చోటు నుంచి మొదలవుతాయి. అదే సింథ్‌లో అదే స్వరాన్ని రెండుసార్లు రికార్డు చేసి కలిపినా నిశ్శబ్దం రాదు.

ఏలియాసింగ్ దొరికింది కదా అని ఆ సింథ్‌ని పారేయక్కర్లేదు. 1980ల మొదట్లో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ పాల్మ్ తయారుచేసిన పీపీజీ వేవ్ 8 బిట్ల వేవ్‌టేబుళ్లతో పనిచేసేది. దాని గరుకుదనం కోసమే ఇప్పటికీ దాన్ని వెతుక్కునేవాళ్లున్నారు. మీ పాటలో గరుకు గంటల శబ్దం కావాలంటే ఆ సింథే వాడండి. పై స్థాయిలో గమకాలు పలకాల్సిన లీడ్‌కి మాత్రం ఇంకోటి తెరవండి. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ రెండూ ఉచితంగా దొరుకుతాయి, ముందు వాటితో పరీక్ష చేసి, ఆ తర్వాతే డబ్బు సంగతి ఆలోచించండి.