‘ఎక్కువ’ వస్తే ‘తక్కువ’ వచ్చేసినట్టేనా? చిన్న తరగతుల లెక్కల్లో అపోహలు – వాస్తవాలు

మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు మా ఒకటో తరగతి పిల్లల్ని చూస్తే వీళ్లకు పోలిక ఎవరూ నేర్పక్కర్లేదనిపిస్తుంది. ట్రే వంక చూస్తారు, వరుస వంక చూస్తారు, "టీచర్, గుడ్లు చాలవు" అనేస్తారు. అదే పిల్లల్ని గదిలోకి తీసుకొచ్చి, పలక మీద 7, 9 రాసి "ఏది తక్కువ?" అని అడిగితే 9 మీద వేలు పెడతారు. ట్రే దగ్గర తెలిసింది పలక దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ జారిపోతోంది? ఇన్నేళ్లుగా ఒకటి, రెండు తరగతులకు చెబుతూ గమనించింది ఏమిటంటే, మనం నమ్మే కొన్ని మాటలే చాలాసార్లు అడ్డం పడుతున్నాయి.

అపోహ: ముందు అంకెలన్నీ రావాలి, ఆ తర్వాతే ఎక్కువ–తక్కువలు.

ఈ తొందర ఎందుకొస్తుందో నాకు తెలుసు. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి అంకెలు 99 వరకు చదవడం, రాయడం రావాలన్నది నిపుణ్ భారత్ (చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన కార్యక్రమం) లక్ష్యం. అందుకే బడి తెరిచిన రోజు నుంచే అందరికీ అంకెల టెన్షన్.

కానీ పోల్చడానికి అంకెలు అక్కర్లేదు. ఆరు నెలల పసిపిల్లలు 8 చుక్కల బొమ్మకూ 16 చుక్కల బొమ్మకూ తేడా పట్టగలరని ఫే షూ, ఎలిజబెత్ స్పెల్కే అనే పరిశోధకులు 2000లో ప్రయోగం చేసి చూపించారు. 8కీ 12కీ మాత్రం ఆ పిల్లలు తేడా పట్టలేకపోయారు. అంటే తేడా బాగా ఉంటే కంటికే తెలిసిపోతుంది. దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే ఒక పద్ధతి కావాలి. ఆ పద్ధతి లెక్కపెట్టడం కన్నా ముందుది: జత కలపడం.

నేను మొదట చేయించేది కంచాల ఆట. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. ఇద్దరు లేచి, నోటితో లెక్కపెట్టకుండా, ఒక్కొక్కరి ముందు ఒక్కో కంచం పెట్టుకుంటూ వెళ్తారు. కావాలనే రెండు కంచాలు తక్కువ ఇస్తాను. చివర్లో ఇద్దరి ముందు నేల ఖాళీగా ఉంటుంది. "కంచాలు చాలలేదు!" అని అరుస్తారు. అప్పుడు నేను ఒక్క వాక్యం కలుపుతాను: "కంచాలు చాలలేదు. అంటే కంచాలు తక్కువ, పిల్లలు ఎక్కువ."

చాలలేదు, మిగిలాయి, సరిపోయాయి. ఈ మూడూ పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకునే మాటలు. తక్కువ, ఎక్కువ, సమానం మన పాఠం మాటలు. ఇంటి మాట పక్కన పాఠం మాటను కూర్చోబెట్టడానికి నేను కనీసం రెండు వారాలు తీసుకుంటాను. చింతగింజలు–సీసా మూతలు, పలకలు–సుద్దముక్కలు, ఏవైనా సరే. ఆ రెండు వారాల్లో సిలబస్ ఏమీ వెనకబడదు.

అపోహ: ‘ఎక్కువ’ నేర్పితే ‘తక్కువ’ దానంతట అదే వస్తుంది.

రాదు. 1968లో మార్గరెట్ డొనాల్డ్‌సన్, బాల్‌ఫోర్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు అట్ట చెట్లకు యాపిల్స్ తగిలించి, మూడున్నర, నాలుగేళ్ల పిల్లల్ని ఏ చెట్టుకు తక్కువ ఉన్నాయని అడిగారు. చాలామంది ఎక్కువ ఉన్న చెట్టునే చూపించారు. మాట తెలియనప్పుడు పిల్లల చెయ్యి పెద్ద కుప్ప వైపే పోతుందని తర్వాత వచ్చిన ఒక వివరణ. నా తరగతిలోనూ అదే చూస్తున్నాను.

మన భాషలో ఇంకో చిక్కుంది. ఎక్కువ, తక్కువ అనే మాటల మధ్య మొదటి అక్షరం ఒక్కటే తేడా. పక్క తరగతి గోలలో, వెనక కూర్చున్న పిల్లకు వినపడేది ‘...క్కువ’ మాత్రమే. పైగా "ఎక్కువ మాట్లాడకు", "ఎక్కువ చెయ్యకు" అని ఇంట్లో రోజంతా వినేది ఆ ఒక్క మాటే. ఇంట్లో ‘జాస్తి’ అనే రాయలసీమ పిల్లలకైతే రెండూ కొత్తే కావచ్చు.

అందుకే నేను తక్కువకు ఒక ఆట ఇచ్చేశాను. ఒకటి నుంచి పది చుక్కల వరకు గీసిన అట్టముక్కలు. ఇద్దరు పిల్లలు చెరొకటి తిప్పుతారు. తక్కువ చుక్కలు ఉన్నవాళ్లకే రెండు ముక్కలూ. గెలవాలంటే "నాది తక్కువ" అని గట్టిగా అనాలి. వారం తిరిగేసరికి ఆ మాట వాళ్ల నోట్లో నానిపోతుంది.

అపోహ: పొడుగు వరుస చూసి ‘ఎక్కువ’ అనే పిల్లకు ఇంకా ఆ వయసు రాలేదు.

ఆరు గింజలు, వాటికి ఎదురుగా ఆరు మూతలు. సమానమే అంటారు. గింజల్ని దూరం దూరంగా జరిపితే గింజలే ఎక్కువ అంటారు. పిల్లల ఆలోచన మీద పరిశోధన చేసిన స్విస్ మనస్తత్వవేత్త జాఁ పియాజే చేసిన ఈ పరీక్ష టీచర్ల శిక్షణలో మనమందరం చదువుకున్నదే. దాని తర్వాతి కథ మాత్రం అంతగా చెప్పరు. 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ ఇదే పరీక్ష పెట్టారు, కానీ వరుసను పెద్దవాళ్లు జరపలేదు. ఒక అల్లరి బొమ్మ ఎలుగుబంటి వచ్చి చెదరగొట్టినట్టు చేశారు. అదే వయసు పిల్లల్లో సమానమే అని చెప్పినవాళ్లు చాలా పెరిగారు. టీచరే జరిపి, అదే ప్రశ్న మళ్లీ అడిగితే పిల్లలు ఏమనుకుంటారు? ఏదో మారింది కాబట్టే అడుగుతోంది అనుకుంటారు.

నా తరగతిలో ఒక పాప గింజల వరుసే ఎక్కువంది. "ఎందుకమ్మా?" అన్నాను. వరుస వెంట వేలు రాస్తూ చివరి దాకా తీసుకెళ్లి, "ఇది ఇక్కడిదాకా వచ్చింది టీచర్" అంది. ఆ పాప తప్పు చెప్పలేదు. నేను అడిగింది లెక్క, తను చెప్పింది పొడవు. "ఒక్కో మూతలో ఒక్కో గింజ వేస్తే ఏమైనా మిగులుతాయా?" అని ప్రశ్న మార్చాను. ఒక్కొక్కటే వేసింది. ఆరోది వేశాక అరచెయ్యి తిప్పి చూసుకుని, "సరిపోయాయి" అంది. తర్వాత నేను చెప్పకుండానే గింజలన్నీ తీసి మళ్లీ దూరంగా పేర్చింది, కాసేపు చూసింది, చిటికెన వేలితో ఒక్కో గింజనూ దాని మూత దగ్గరికి లాక్కొచ్చింది.

అప్పటి నుంచి ఊరికే "ఏది ఎక్కువ?" అని అడగను. "ఏవి ఎన్ని? ఎన్ని ఎక్కువ?" అంటాను. గింజలకు ‘ఎన్ని’, నీళ్లకు ‘ఎంత’ అని తెలుగులో విడి మాటలున్నాయి. ఇంత మంచి సౌకర్యాన్ని వాడుకోకపోతే ఎలా?

అపోహ: మొసలి నోరు పెద్ద అంకె వైపే తెరుచుకుంటుందని చెబితే <, > గుర్తులు వచ్చేస్తాయి.

మొసలి బొమ్మ వస్తుంది, వాక్యం రాదు. "7, 9 కన్నా తక్కువ" అని చదవమంటే "మొసలి 9ని తింటుంది" అంటారు. నేను రెండు చీపురు పుల్లలు వాడతాను. పలక మీద మూతల్ని రెండు నిలువు వరుసలుగా పేర్చి, పై చివరల మధ్య ఒక పుల్ల, కింది చివరల మధ్య ఒక పుల్ల పెట్టిస్తాను. వరుసలు సమానమైతే పుల్లలు సమాంతరంగా ఉంటాయి. కాకపోతే తక్కువ వైపు ముడుచుకుంటాయి. అవే =, <, > గుర్తులు. 1557లో వేల్స్‌కు చెందిన గణితజ్ఞుడు రాబర్ట్ రెకార్డ్ సమానానికి రెండు సమాంతర గీతలు ఎంచుకున్నదీ ఈ ఆలోచనతోనే: వాటికన్నా సమానమైనవి మరి రెండుండవని.

అపోహ: లెక్కలో ‘ఎక్కువ’ అని ఉంటే కూడాలి.

ఈ కిటుకు పరీక్ష కోసం మనమే నేర్పుతాం, రెండో తరగతిలో అదే పిల్లల్ని ముంచుతుంది. "రవి దగ్గర 9 గోళీలు ఉన్నాయి. రవి దగ్గర సలీం కన్నా 4 ఎక్కువ. సలీం దగ్గర ఎన్ని?" తరగతిలో సగం మంది 13 అంటారు. ‘కన్నా’ ఎవరి పేరు పక్కన ఉందో ముందు వేలు పెట్టి చూపించమనండి. ‘ఎక్కువ’ అన్న వాక్యంలో ఆ పేరున్నవాళ్ల దగ్గరే తక్కువ.

ఇక్కడా ఇంటి మాటే దారి చూపిస్తుంది. 1983లో టామ్ హడ్సన్ అనే పరిశోధకుడు పిల్లలకు పక్షులు, పురుగులు ఉన్న బొమ్మలు చూపించాడు. "పురుగుల కన్నా పక్షులు ఎన్ని ఎక్కువ?" అంటే ఒకటో తరగతి పిల్లల్లో 64 శాతం మందే సరిగ్గా చెప్పారు. "ఎన్ని పక్షులకు పురుగు దొరకదు?" అంటే అందరూ చెప్పారు. మన గుడ్ల ట్రే, మన కంచాలు ఇదే కదా!

అపోహ: పొడుగు–పొట్టి, లావు–సన్నం నేర్పడానికి పిల్లల్ని నిలబెట్టి చూపించడమే తేలిక.

దయచేసి వద్దు. పొట్టి అనిపించుకున్న పిల్లవాడికి ఆ పూట పాఠం గుర్తుండదు, ఆ మాట మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది. బరువుకు దూది దిండు, తూకం రాయి చాలు; రెండు చేతుల్లో పెట్టుకుంటే పెద్దదల్లా బరువు కాదని చేతులే చెబుతాయి. పొడవుకు మా బడి వెనక సొరపాదు ఉంది. ప్రతి సోమవారం తీగ పొడవున కొత్త దారం కత్తిరించి, పాత దారం పక్కనే కిటికీ కడ్డీకి కడతాం. పోయిన వారం కన్నా ఎంత పెరిగిందో కింద వేలాడే ముక్కను జానలతో కొలిచి చెబుతారు.