రెండు ఓడల్లోనూ రాడార్ ఉంది, అయినా ఢీకొన్నాయి

సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చుని వైజాగ్ వెళ్లాల్సిన ఊళ్లు మనవి. అయినా హనుమకొండ, జగిత్యాల వైపు నుంచి పిల్లలు మర్చంట్ నేవీకి వెళ్తున్నారు, ఫీజులు కట్టీ కట్టీ అలసిన తల్లిదండ్రులు "ఓడలో రాడార్ ఉండనే ఉంది గదా, దానికి మళ్లీ కోర్సెందుకు?" అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం 1956 దాకా వెళ్లాలి.

ఆ ఏడాది జూలై 25 రాత్రి అమెరికా తీరంలో, నాన్‌టకెట్ దగ్గర, ఇటలీ ఓడ ఆండ్రియా డోరియాను స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ ఢీకొట్టింది. రెండింటికీ రాడార్ ఉంది, రెండూ ఒకదాన్నొకటి ముందే తెర మీద చూశాయి, అయినా 51 మంది చనిపోయారు. ఆండ్రియా డోరియాలో ఎవరూ ప్లాట్ వేయలేదు.

ప్లాట్ అంటే ఏమిటో చెప్పాలి, అసలు సంగతి అక్కడే ఉంది. కాజీపేటలో మన రైలు కదిలితే పక్క రైలే కదిలినట్టు అనిపిస్తుంది చూడండి, మామూలు రాడార్ తెర మీద అవతలి ఓడను చూపే చుక్క కూడా అంతే, అందులో మన ఓడ కదలిక కలిసిపోయి ఉంటుంది. అందుకే ఆ చుక్కను, ఉదాహరణకు 6 నిమిషాలకోసారి, గుర్తు పెట్టి గీత గీస్తేనే అవతలి ఓడ నిజంగా ఎటు పోతోందో, మనకు ఎంత దగ్గరగా వస్తుందో తేలుతుంది. 6 నిమిషాలంటే గంటలో పదో వంతు, కాబట్టి వేగం లెక్క తేలిక.

ఓడలు ఢీకొనకుండా చేసిన 1972 నాటి అంతర్జాతీయ నియమాలు అరకొర రాడార్ సమాచారంతో ఊహలు చేయొద్దని స్పష్టంగా రాశాయి. ఓడ అధికారుల శిక్షణకు ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ఒప్పందం 1978లో వచ్చి 1984లో అమలైంది. నా లెక్కలో పెద్ద మలుపు మాత్రం 1995 సవరణలే, రాడార్‌నూ, అవతలి ఓడ దూరాన్నీ దిశనూ తానే లెక్కగట్టే ఆర్పా అనే యంత్రాన్నీ సిమ్యులేటర్ మీద, అంటే ఓడను అనుకరించే యంత్రం మీద, నేర్పడం అప్పుడు తప్పనిసరైంది. ప్రమాదం దాకా వెళ్లి, ఎవరికీ ఏమీ కాకుండా తప్పు తెలుసుకునే వీలు ఓడ మీద ఎక్కడుంటుంది?

మన దేశంలో ఈ కోర్సులకు అనుమతి ఇచ్చేది డీజీ షిప్పింగ్ అనే కేంద్ర ప్రభుత్వ నౌకా శాఖ. ఆర్పా వచ్చాక చేత్తో గీయడం ఎందుకనే పిల్లలున్నారు, నేను ఒప్పుకోను. యంత్రం చూపిన అంకె తప్పో ఒప్పో పట్టుకోవాలంటే ఆ గీత ఎలా వస్తుందో తెలిసుండాలి.

ఫీజు కట్టే ముందు సంస్థ పేరొక్కటే చూసి ఊరుకోకండి, సరిగ్గా ఆ కోర్సుకే డీజీ షిప్పింగ్ అనుమతి ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఒక కోర్సుకు అనుమతి ఉంటే మిగతావాటికీ ఉన్నట్టు కాదు.